ఆరు అంకెలు అడిగిన అప్ప

అనకాపల్లి,
ఆదివారం మధ్యాహ్నం.

అప్పకి,

నీ చెల్లెలు పైడి దణ్ణం పెట్టి రాసుకుంటున్నది. నేను బాగున్నాను. వేళకి తింటున్నాను, దగ్గు కూడా తగ్గింది. నువ్వు, బావ, అత్త, చంటిది అందరూ కులాసాగా ఉన్నారనే ధైర్యంతో మొదలుపెడుతున్నాను. అత్త మోకాళ్ళు ఎలా ఉన్నాయి? చంటిదానికి ముందు పన్ను ఊడిందన్నావు, కొత్తది వచ్చిందా?

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటున్నావేమో. ఫోన్లో మాట్లాడితే నువ్వు స్పీకరు పెడతావు, వాకిట్లో వలలు బాగుచేసుకునేవాళ్ళందరూ వింటారు. మెసేజి పంపుదామంటే నీ ఖాతా ఇంకా మన చేతికి రాలేదు. అందుకని ఇక్కడి బజారుకి చేపలు తెచ్చే మన ఎర్రమ్మ పిన్ని చేతికి ఇస్తున్నాను. కవరు అంటించాను. నీ అయిదో తరగతి చదువుకి అందేలా పెద్ద అక్షరాలతోనే రాస్తున్నాను, తీరిగ్గా కూడబలుక్కుని చదువుకో.

ముందే ఒక సంగతి చెప్పేస్తాను. పని మానేసి ఇంటికి వెళ్ళిపోతానని మా షావుకారు గారితో అనేశాను. ఆయన కోప్పడలేదు, శనివారం దాకా ఆలోచించుకోమన్నారు. ఆ తర్వాత నా చోట ఇంకొకరిని పెట్టుకుంటారు. ఉండాలో రావాలో నాకు తేలడం లేదు. ఆ మాట ఎందుకు అన్నానో రాస్తాను. తిట్టకుండా చదువు.

నేను ఇక్కడికి వచ్చి నాలుగు నెలలైంది. ఇప్పుడు బెల్లం బాగా దిగే రోజులు. తెల్లారేసరికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆటోలు, లారీలు వచ్చేస్తాయి. దిమ్మలు వరసగా పేరుస్తారు. నేను వరసవరసకీ ఫోటో తీసి, రంగూ రకమూ రాసి, దూరపు ఊళ్ళలో కొనేవాళ్ళకి కొట్టు ఫోన్లోంచి పంపాలి. పొద్దున్న మంచులో ఎదుటి మనిషి కనబడడు. ముందు మాట వినబడుతుంది, కాసేపటికి తలపాగా కనబడుతుంది, ఆ తర్వాత మనిషి వస్తాడు. తేనెటీగలు మన చేతుల మీద వాలి నడుస్తాయి, కుట్టవు. వాటి మధ్య నిలబడి ఉంటే నేను నిద్రలో ఉన్నానో మెలకువలో ఉన్నానో నాకే తెలియదు. ఒక్కోసారి ఆ దిమ్మల వరసల చివర సముద్రం ఉంటుందనిపించి చివరిదాకా నడిచి వెళ్ళి చూస్తాను. గోడ ఉంటుంది.

ఈ ఊళ్ళో గాలి కదలదప్పా. తియ్యగా ఒకేచోట నిలబడిపోతుంది. మొదటి వారం హాయిగా అనిపించింది. ఇప్పుడు అన్నం కలుపుకున్నా అదే వాసన, అందుకే ఉప్పు ఎక్కువేసుకుని తింటున్నాను. గదిలో నాతో ఉండే కుమారిది మునగపాక, చెరుకు వేసుకునేవాళ్ళ పిల్ల. చేపంటే ప్రాణమే గానీ ముల్లు తీసుకోవడం రాదు, నేను తీసి పెడితే తింటుంది. నేను దిగులుగా కూర్చుంటే, “మీ ఊరు బస్సెక్కితే గంటన్నర. సింగపూరు ఎల్లిపోయినట్టు ఆ మొకమేటే?” అంటుంది. నిజమే, గంటన్నరే. కానీ సెలవు దొరికేది ఎప్పుడో ఒకసారి.

నన్ను ఇన్నాళ్ళూ నిలబెట్టినది నీ వాయిస్ మెసేజి. పడవలు ఒడ్డుకొచ్చే వేళ నువ్వు ఫోను గాల్లోకెత్తి రికార్డు నొక్కుతావు కదా. అలల చప్పుడు, తట్టలు లెక్కపెట్టే కేకలు, మన వీధి కుక్క అరుపు, చివర్న నీ గొంతు: “తిన్నావేటే? కవళ్ళు రెండు తట్టలు, కానాగంతలు అర తట్ట. ఉంటాను.” ఆ రోజు పడిన చేపల లెక్క, అంతే. మధ్యాహ్నం అన్నం తిన్నాక గోనెల మీద పావుగంట ఒరిగి అది పెట్టుకుంటాను. కళ్ళు మూసుకుంటే ఒంటికి తడి ఇసుక తగిలినట్టే ఉంటుంది. రోజూ పంపావు, ఒక్కరోజు తప్పలేదు. కానీ ఆ నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా నన్ను రమ్మనలేదు. నక్కపల్లిలో బస్సెక్కించిన రోజున కూడా “ఎనక్కి సూడకుండా ఎల్లు” అన్నావు.

పోయిన మంగళవారం పొద్దున్న నీ వాయిస్ రాలేదు. “అప్పా, ఈరోజు నీ గొంతు లేదేం?” అని నేనే రాశాను. కాసేపటికి జవాబు వచ్చింది. గొంతు కాదు, అక్షరాలు. “పనిలో ఉన్నాను. నువ్వెలా ఉన్నావు?” అని. నువ్వు ఏనాడూ టైపు చేసి ఎరగవు. అనుమానం రావాలి కదా? రాలేదప్పా. నా కోసం అక్షరం అక్షరం వెతుక్కుని కొట్టడం నేర్చుకున్నావని ఎంత మురిసిపోయానో చెప్పలేను. ఆ రెండు ముక్కలూ కుమారికి చూపించి గొప్పలు పోయాను.

ఇక ఆగలేదు. నీతో ఎన్నడూ అనని మాటలన్నీ రాసేశాను. ఇక్కడ నన్ను పేరుపెట్టి పిలిచేవాళ్ళు ముగ్గురే ఉన్నారని రాశాను. అమ్మ మొహం మరిచిపోతున్నానని, గుర్తు తెచ్చుకుందామంటే నీ మొహమే వస్తోందని రాశాను. జవాబుగా “బాధపడకు” అని ఒకసారి, “అలాగే” అని ఒకసారి వచ్చింది. అది కూడా నీలాగే అనిపించింది, నువ్వు మాత్రం ఏనాడు పొడుగ్గా మాట్లాడావు కనక. చివరికి, “ఇక్కడ ఉండలేకపోతున్నాను, వచ్చెయ్యాలనుంది” అని రాశాను. వెంటనే “వచ్చెయ్” అని వచ్చింది.

దిమ్మల మధ్య నిలబడి ఆ ఒక్క మాటని ఎన్నిసార్లు చదువుకున్నానో. ఎండ అప్పుడే మంచులోంచి దిగుతోంది. కాళ్ళు నేల మీద ఉన్నట్టు లేవు. అలాగే నడుచుకుంటూ వెళ్ళి షావుకారు గారితో ఊరికి వెళ్ళిపోతానని చెప్పేశాను. గదికి వెళ్ళి సంచీ సర్దేశాను.

బుధవారం పొద్దున్న అక్కణ్ణుంచే ఇంకో మెసేజి. “నీ ఫోనుకి ఆరు అంకెలు వస్తాయి. పొరపాటున నీ నెంబరు కొట్టాను. అవి నాకు పంపు” అని. మరుక్షణంలో అంకెలు వచ్చాయి. అప్ప అడిగింది కదా అని నాలుగు అంకెలు కొట్టేశాను. కొడుతూ కొడుతూ అలవాటు కొద్దీ మధ్యలో ఆపి, “ఈరోజు ఏం పడింది?” అని అడిగాను. మన ఇంట్లో ఏ మాటకైనా ముందు అదే కదా. “బాగా పడింది. అంకెలు పంపు” అని జవాబు.

బాగా పడిందట. చేప పేరు లేదు, తట్టల లెక్క లేదు. పుట్టి బుద్ధెరిగి మన ఒడ్డున ఆ ప్రశ్నకి అలా జవాబు చెప్పిన మనిషి లేడు. రాసేది నువ్వు కాదు. కొట్టిన నాలుగు అంకెలూ చెరిపేశాను. కాల్ చేస్తే కట్ చేసి, సిగ్నల్ లేదని రాశాడు. మా గుమాస్తా సన్యాసిరావు గారు నా మొహం చూసి ఫోను తీసుకున్నారు. “సూడమ్మా, ఈ ఆరంకెలు నీ ఇంటి తాళం సెవి. నీకొచ్చినాయంటే నీకే. అడిగినోడు మీ అప్పయినా, దేముడయినా ఇయ్యకూడదు” అన్నారు. ఆయన చెప్తేనే నీ ఇంకో నెంబరుకి, అదే నెట్ కోసం వేయించిన సిమ్ముకి, ఫోన్ చేశాను.

అప్పుడు నువ్వు ఏమన్నావో ఇంకా చెవిలోనే ఉంది. “నాను టైపు సేయడమేటే? రెండ్రోజులై ఆ యాప్ పనిసేత్తే గదా. సిగ్నలు లేదేమోనని దిబ్బెక్కి పట్టుకుంటన్నాను” అన్నావు. రెండు రోజులు నువ్వు ఇసుక దిబ్బ మీద ఫోనెత్తి నిలబడి ఉంటే, ఇక్కడ నేను ఎవడితోనో మనసు విప్పి మాట్లాడుతున్నాను. నీ ఫోన్లో ఇంగ్లీషులో ఏదో రాసుంది, చంటిది చదవలేకపోయింది అన్నావే, నీ నెంబరు ఇంకో ఫోన్లో తెరుచుకుందని చెప్పడమేనట అది.

ఆ సాయంత్రం బావ చెప్పింది విని నాకు కోపం రాలేదు. మనం ఆ ఖాతా తెరిచింది పాత నెంబరు మీద. ఆ సిమ్మేమో బావ చిన్న ఫోన్లో పడవెక్కి వెళ్ళిపోతుంది. యాప్ ఒడ్డు మీద, దాని తాళం సముద్రం మీద. “నానేటి సేత్తాను మరదలా? సిగ్నలు తగిలింది, మెసేజి వచ్చింది, ఆ ఎనకే ఫోను. ‘మామా, నీకొచ్చిన అంకెలు సెప్పు’ అన్నాడు. ఒడ్డునుంచి ఎవులో లెక్కకి అడగతన్నారనుకుని సదివేసేను” అన్నాడు. ఆయన తప్పేముంది? సిగ్నలు తగలగానే లెక్క చెప్పడం, ఒడ్డున నువ్వు దాన్నిబట్టి బేరం మొదలెట్టడం మనకి ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. మన ఊళ్ళో అంకెలు దాచుకునేవాళ్ళు ఎవరు? గట్టిగా చెప్పినవాడే మంచివాడు. బావని ఇంక సాధించకు.

గురువారం ఆ సిమ్ము నీ ఫోన్లో వేయించి అంకెలు తెప్పించాం కదా. దొంగ అప్పుడే బయటికి పోయాడు. కానీ వాడు ముందే తన పిన్ను ఒకటి పెట్టి పోయాడు కాబట్టి ఏడు రోజులు ఆగాలి. అప్పటిదాకా ఆ ఖాతా వాడిదీ కాదు, మనదీ కాదు. లంగరేసిన పడవలో మనిషి లేనట్టు ఉంటుందని నా ఊహ. వచ్చే గురువారం మధ్యాహ్నం సిమ్ము నీ ఫోన్లోనే ఉంచి మళ్ళీ తెరువు. అంకెలు వస్తాయి, కొట్టు. తెరుచుకోగానే సెట్టింగ్స్‌లో ఖాతా అని ఉన్నచోటికి వెళ్ళు. రెండంచెల ధృవీకరణ అని ఉంటుంది. అక్కడ నీ సొంత పిన్ను ఆరు అంకెలు పెట్టు. పడవ మీద రంగుతో రాసిన నెంబరు పెట్టొద్దు, అది ఒడ్డున కుక్కలకి కూడా తెలుసు. చంటిది పుట్టిన తేదీ కూడా వద్దు. మెయిలు అడిగితే నాది కొట్టు, పిన్ను మరిచిపోతే పనికొస్తుంది. లింకు చేసిన పరికరాలు అని ఇంకోటి ఉంటుంది, అందులో నీకు తెలియని ఫోను గానీ కంప్యూటరు గానీ కనబడితే తీసెయ్. ఇక ఆ పాత సిమ్ము మళ్ళీ పడవెక్కకూడదు. దానికే నెట్ వేయించుకుని, బావకి నెట్ సిమ్ము ఇచ్చెయ్, ఆ కొత్త నెంబరు ఒడ్డున అందరికీ చెప్పెయ్.

ఆ యాప్ అప్పుడప్పుడూ తనంతట తనే పిన్ను అడుగుతుంది, మనం మరిచిపోకుండా. మా సన్యాసిరావు గారైతే గోడవైపు తిరిగి నొక్కుతారు, మేం నవ్వుకుంటాం. నువ్వు కూడా అలాగే తిరుగు. ఎవరికీ చెప్పకు. నాకూ చెప్పకు. నీ చేత్తో అన్నం తిన్నదాన్ని నేను, నాకు నువ్వు దాచినది ఏదీ లేదు, ఇది ఒక్కటి దాచుకో. చేపల వేలంపాట దగ్గర ఆడవాళ్ళందరికీ చెప్పు, నీ పేరుతో ఎవరైనా అంకెలు అడిగి ఉంటే ఇవ్వొద్దని.

పిన్ని చేతికి ముక్క బెల్లం పంపుతున్నాను. నల్లగా ఉందని వంక పెట్టకు, రుచికి అదే మంచిదట. పిన్ని మళ్ళీ వచ్చేటప్పుడు ఎండు నెత్తళ్ళు గుప్పెడు, నా పాత దుప్పటి పంపు. ఇక్కడ చలి తెల్లారాక కూడా పోవడం లేదు.

ఇప్పుడు అసలు మాట. ఎవడో తెలియని దొంగకి తెలిసిన నా బాధ నీకు తెలియకుండా ఉండటం బాగులేదని ఇదంతా రాశాను. ఆ దొంగ మీద రావలసినంత కోపం నాకు రావడం లేదు. ఎందుకా అని నాలుగు రోజులు ఆలోచించాను. సర్దిన సంచీ ఇంకా మంచం కింద అలాగే ఉంది. వాడు “వచ్చెయ్” అన్నాడని తెలిశాక బస్సెక్కాలన్న తొందర పోయింది. నువ్వన్నావనుకున్నప్పుడు మాత్రం కాళ్ళు నిలవలేదు. పని చెడ్డది కాదప్పా. షావుకారు గారు మంచివారు, కుమారి ఉంది, నేను నేర్చుకుంటున్నాను కూడా. ఇంటికి వచ్చెయ్యాలన్నది కాదు నా బెంగ. నువ్వు నన్ను పంపేశావే గానీ పిలవలేదన్నది నా బెంగ.

అత్తకి, బావకి నా దణ్ణాలు. చంటిదానికి ముద్దులు. నన్ను ఆశీర్వదించు.

గురువారం ఖాతా తెరుచుకోగానే మొదటి వాయిస్ నాకే పంపు. తట్టల లెక్క తర్వాత చెబుదువు గానీ, ముందు ఒక్కసారి నీ గొంతుతో నన్ను రమ్మను. శనివారం షావుకారు గారితో ఉంటాననే చెప్తాను. నేను రాను. నువ్వు మాత్రం రమ్మను.

నీ చేతుల్లో పెరిగిన
పైడి