ఐదో నంబరు నీడ

మార్చి 14, శనివారం

మా బంగారుకొండకు నాన్న దీవెనలు. అమ్మా నేనూ కులాసా, నువ్వూ వేళకు తింటున్నావనే అనుకుంటాను. చేదుమాత్ర ముందే మింగేస్తే ఓ పనైపోతుంది గనక చెప్పేస్తున్నాను: కొత్త బస్‌స్టాండు ముందు పెట్టే బొమ్మ పోటీలో నీది రాలేదు తల్లీ. మనసు కష్టపెట్టుకోకు. కానీ గెలిచిన బొమ్మ ఉందే, దాన్ని చూసిన దగ్గర్నుంచి నా కాలు నేల మీద నిలవడం లేదు.

నీకు తెలియదు గాని, ఎంపిక చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. పేటవాళ్ల పేర్లు చీటీలు వేసి తీస్తే నాది వచ్చింది. జీవితమంతా జనం తలలు వంచి క్షవరం చేసినవాణ్ణి, నా ముందు పేరు రాసిన అట్ట పెట్టి "మీరేమంటారు?" అని అడుగుతుంటే మీ అమ్మ చూడాల్సింది. నువ్వు పోటీకి పంపావని అమ్మ అప్పటికే నోరు జారింది. ఆ మాట పోటీ నడిపే ఆఫీసరమ్మతో ముందే చెప్పేశాను. బల్ల మీద పెట్టిన నమూనా బొమ్మలకు నంబర్లే గాని పేర్లుండవట. "మీ అమ్మాయిది ఏదో పోల్చుకుంటే, దాని వంతు వచ్చినప్పుడు బయటికి వెళ్లిపోండి" అంది. పోల్చుకోడానికేముంది, మూడో నంబరు నిండా పిట్టలే. చిన్నప్పుడు నీ చేతికి మట్టి దొరికితే పిట్టే గదా అయ్యేది. దాని గురించి మాట్లాడినంతసేపూ వరండాలో నిలబడ్డాను. చెవి మాత్రం తలుపుకే ఉంది.

ఐదో నంబరు చూసి అందరం నవ్వాం. కమ్మీకి గుచ్చిన వంకర రేకులు. నా పక్కనున్న లెక్కల మేష్టారు "పాత సామాన్లవాడు మర్చిపోయి వెళ్లాడేమో" అన్నాడు. ఇంతలో ఉక్కపోస్తోందని ఆఫీసరమ్మ కిటికీ తెర పక్కకు లాగింది. ఎండ రేకుల మీద పడింది. బల్ల మీద నీడ చూద్దును గదా, సంచీ పట్టుకుని వెళ్లేవాడొకడు, చెయ్యెత్తి సాగనంపే ఆవిడొకతె. రేకుల్లో లేని మనుషులు నీడలో ఉన్నారమ్మా. అందరికీ వేలు పెట్టి చూపించాను. ఇక నా నోరు ఆగలేదు.

ఖజానా ఆఫీసరు అడ్డం తిరిగాడు. ఈ సొమ్ముతో మరుగుదొడ్లు కట్టొచ్చన్నాడు. కట్టడం ఖర్చులో నూటికో రూపాయి బొమ్మలకూ రంగులకే తీసిపెట్టాలని నగరం పెట్టుకున్న నియమమనీ, మరుగుదొడ్లు వేరే పద్దులో ఉన్నాయనీ ఆఫీసరమ్మ చెప్పింది. ఆయన వదిలితేనా. "మబ్బు పట్టిన రోజు మీ బొమ్మేదండీ? అప్పుడప్పుడూ కనపడేదానికి పూర్తి డబ్బెందుకివ్వాలి?" అన్నాడు. నేను లేచి, "బస్సు మాత్రం అస్తమానం కనపడుతుందా సార్? దానికోసం స్టాండు కట్టడం లేదూ?" అన్నాను. మేష్టారు బల్ల చరిచాడు. ఖజానా ఆయనకు కూడా నవ్వు ఆగలేదు. చేతులెత్తమంటే ఐదో నంబరుకే ఎక్కువ లేచాయి.

నీ పిట్టలూ ముద్దుగానే ఉన్నాయి, కాదనను. కానీ ఆ రేకుల మనిషెవరో, ఆ చేతులకు దణ్ణం పెట్టాలి. పేరు తెలియగానే రాస్తాను. వీలు చూసుకుని వెళ్లి పరిచయం చేసుకో, ఆ పనితనం కాస్త నేర్చుకో.

నీ మేలు కోరే
నాన్న

తా.క. సోమవారం. ఉత్తరం పోస్టు చెయ్యబోతుంటే కబురొచ్చి ఆఫీసుకు పరిగెత్తాను. పేర్ల కవర్లు విప్పారు. పిట్టలు ఎవరో రిటైరైన పోస్టుమాస్టరువి. ఐదో నంబరు నీదట. నా ఓటు కొట్టేసి, నన్ను బయట కూర్చోబెట్టి, మళ్లీ మొదటినుంచీ మాట్లాడుకున్నారు. తలుపు తీసి "ఐదోదేనండీ" అన్నది ఎవరనుకున్నావు, ఆ ఖజానా ఆయనే. "లెక్క చూస్తే ఎండ రోజులే ఎక్కువలెండి" అన్నాడు.

ఇది చించేసి కొత్త ఉత్తరం రాద్దామనుకుంటే మీ అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఇన్నేళ్లూ అది ఏం చేసినా మన పిల్ల చేసిందని మెచ్చుకున్నారు, అది ఒక్కనాడూ నమ్మలేదు. దానిదని తెలియకుండా మెచ్చుకున్నది ఇదొక్కటే. ఇదే వెయ్యండి" అంది. వేస్తున్నాను.