ఏలూరులో ఏకమైన జర్మనీ

తంగెళ్ళమూడి, ఏలూరు
జనవరి 18

తాడేపల్లిగూడెం సలోమి టీచర్ గారికి,

తివాచీలు నేసే అబ్దుల్ సలాం నమస్కరించి రాయించేది ఏమంటే, ఇక్కడ అందరం క్షేమం. అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను.

మొన్న మీరు ఫోన్ చేసి తివాచీ నేసిపెట్టమన్నందుకు చాలా సంతోషమండి. నలభై ఏళ్ళుగా ముడులు దిగేసే ఇనప దువ్వెన దెబ్బలు వినీ వినీ నా చెవులు సగం మూతపడ్డాయి. ఫోన్లో సగం మాట వినపడుతుంది, మిగతా సగం నేనే ఊహించుకోవాలి. అందుకని ఇకమీదట ఉత్తరం రాయండి. నాకు తెలుగు మాట్లాడటమే గాని రాయడం, చదవడం రావు. నేను చెబుతుంటే ఇంట్లో మనిషి రాస్తుంది, మీరు రాసింది చదివి వినిపిస్తుంది.

మీరడిగిన ఏలూరు మ్యాపు మొదలుపెట్టబోతున్నాను. ఆరడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవు. తమ్మిలేరుకి నీలం ఉన్ని, పవర్‌పేట స్టేషనుకి ఎరుపు అద్దకం వేయించాను. పదో తరగతి పిల్లలకి మా ఊరి మీద ఇంత పెద్ద పాఠం పెట్టారని తెలిసి కళ్ళు చెమర్చాయండి. ఒక్క సందేహం. "పంతొమ్మిదో శతాబ్దంలో ముక్కలు ముక్కలుగా ఉండేది" అన్నారు. వన్‌టౌను, టూటౌను అనేనా? అంతకు మించిన ముక్కలు నాకు తెలియవు.

ఇట్లు,
అబ్దుల్ సలాం

తా.క. ఇది ఆయన చెప్పింది కాదండి, రాసే మనిషిని నా అంతట నేను రాస్తున్నాను. నాకెందుకో అనుమానంగా ఉంది. మా సోషల్ పుస్తకంలో ఏలూరు పాఠం లేదు. — సా.


తాడేపల్లిగూడెం
జనవరి 23

శ్రీ అబ్దుల్ సలాం గారికి,

ప్రభువు నామంలో వందనాలు. ఏలూరు కాదండీ బాబూ, యూరప్! యూ, ర, ప్! మగ్గం ఆపండి!

మొదటి నుంచీ చెబుతాను. ఏప్రిల్ ముప్పయ్యో తారీకున నేను రిటైరవుతున్నాను. పాత విద్యార్థులు, ప్రీతి అనే అమ్మాయి ముందుండి, నాకు సన్మానం చేస్తామన్నారు. శాలువా కప్పితే బీరువాలో చిమ్మట పాలవుతుంది, దానికి బదులు నా క్లాసు గదికి ఒక తివాచీ ఇవ్వండి అన్నాను. దాని మీద 1815 నాటి యూరప్ పటం ఉండాలి.

ఎందుకంటే పదో తరగతి చరిత్రలో మొదటి పాఠం యూరప్‌లో జాతీయవాదం. ముప్పై నాలుగేళ్ళుగా చెబుతున్నాను. ఫ్రెంచి విప్లవం దాకా పిల్లల కళ్ళు తెరుచుకునే ఉంటాయి. జర్మనీ ముప్పై తొమ్మిది ముక్కలుగా ఉండేదనగానే ముప్పై తొమ్మిది మందికీ ఒకేసారి ఆవలింతలు వస్తాయి. బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నవాళ్ళు బోలెడంత మంది. మనసుకి మాత్రం ఎవరికీ ఎక్కలేదు. నేను దిగిపోయే లోపు ఒక్కరికైనా ఆ పాఠం నిజంగా అర్థమైందని చూసి వెళ్ళాలని నా ఆశ. పటం పిల్లల కాళ్ళ కింద ఉంటే బుర్రలోకి ఎక్కుతుందేమో చూద్దాం.

పటం ఇందులో పెట్టాను. ఇటలీ ఏడు ముక్కలు, జర్మనీ ముప్పై తొమ్మిది. దేని రంగు దానిదే. ఒక్కటి కూడా తగ్గకూడదు.

ఇట్లు,
కె. సలోమి, సోషల్ టీచరు

తా.క. ఉత్తరం రాసిన పాపకి: అనుమానించినందుకు శభాష్! నీది పదో తరగతి అని తెలిసిపోయింది. నీ ఉత్తరం దిద్ది తిరిగి పంపుతున్నాను. ఆరు తప్పులు. ఎర్ర సిరా చూసి భయపడకు, అది నా అలవాటు. రోజూ పాలు తాగు.


తంగెళ్ళమూడి, ఏలూరు
ఫిబ్రవరి 20

పెద్ద మనసు గల సలోమి టీచర్ గారికి,

అబ్దుల్ సలాం నమస్కారాలు. పటం అందింది. ఏలూరు కాదని తెలిసి ఒక పూట అన్నం సయించలేదు గాని, తర్వాత సర్దుకున్నాను.

తివాచీ కింది నుంచి పైకి నేస్తాం కాబట్టి ముందుగా సముద్రమే వచ్చింది. జానెడు కాదు బెత్తెడు కాదు, మూరలకి మూరలు ఒట్టి నీలం. చూస్తే బోసిగా ఉంది. నీళ్ళంటే మాకు కొల్లేరే కదండీ, అందుకని నాలుగు గూడకొంగల్నీ రెండు కొరమేనుల్నీ వేశాను. మీరు కోప్పడరని ధైర్యం.

ఇక ఇటలీ. మీ పటంలో చూస్తే అది అచ్చం బూటు. టీచర్ గారూ, మా వంశంలో ఎవరూ తివాచీ మీద చెప్పు బొమ్మ నెయ్యలేదు. చెప్పులు బయట విడిచి కదండీ తివాచీ ఎక్కుతారు? అందుకని ఇటలీని లోపల పెట్టకుండా విడిగా చిన్న పట్టగా నేశాను. గుమ్మం బయట వేసుకోండి. పిల్లలు కాళ్ళు తుడుచుకోవడానికి కూడా పనికొస్తుంది.

ఇట్లు,
మీ మేలు కోరే
అబ్దుల్ సలాం

తా.క. ఇది నేను. ఇటలీ ఏడు ముక్కలూ ఎందుకు కలవాలనుకున్నాయండి? పుస్తకంలో నాలుగు పేజీలు ఉంది, నాలుగుసార్లు చదివాను, ఐదోసారి నిద్రపోయాను. మీ ఎర్ర సిరా ఉత్తరం దాచుకున్నాను. మళ్ళీ దిద్దండి. — సా.


తాడేపల్లిగూడెం
ఫిబ్రవరి 25

శ్రీ అబ్దుల్ సలాం గారికి,

ఇటలీని గుమ్మం బయట విడిచారా! ఏవండీ, ఆ దేశాన్ని కలపడానికి ఎంతమంది జైళ్ళకి వెళ్ళారో, ఎంతమంది దేశాలు వదిలి పారిపోయారో తెలుసా? వాళ్ళలో ఒక్కరికైనా అది చివరికి కాళ్ళు తుడుచుకునే పట్ట అవుతుందని తెలిస్తే ఇల్లు కదిలేవారా? దయచేసి దాన్ని లోపలికి తెచ్చి ఎలాగోలా కుట్టండి. బూటైనా సరే.

కొంగల సంగతి. అవి తప్పే. మధ్యధరా సముద్రంలో కొరమేను ఉండదు. కానీ ఉండనివ్వండి. నేను పుట్టింది కొల్లేరు లంకలో. మా అమ్మ నన్ను తాటి దోనె మీద బడికి పంపేది, దారంతా గూడకొంగలే. మీ వాక్యం చదవగానే ఆ నీళ్ళ వాసన వచ్చింది. మీకు చాలా కృతజ్ఞతలు.

ఇట్లు,
కె. సలోమి

తా.క. పాపా, చక్కని ప్రశ్న. ఇలా అనుకో. ఒకే ఇంట్లో ఏడు వంటిళ్ళు. ఒక్కో పొయ్యి దగ్గర ఒక్కో పెత్తనం, సగం పొయ్యిలు పరాయి వాళ్ళ చేతిలో. ఇంట్లో వాళ్ళకి ఒకరి యాస ఒకరికి తెలియదు. అప్పుడు కొందరు "మనమంతా ఒకే ఇంటి వాళ్ళం" అన్నారు. చాలామందికి ఆ మాట కొత్త. చెప్పగా చెప్పగా నిజమైంది. దేశం ఒక్కటవడానికి ముందు ఆ ఊహ పుట్టాలి, అదే జాతీయవాదం. జామెట్రీ బాక్సు పంపుతున్నాను. రెండు జడలు వేసుకుని శుభ్రంగా పరీక్షకి వెళ్ళు. ఈసారి మూడే తప్పులు!


తంగెళ్ళమూడి, ఏలూరు
మార్చి 12

ఓర్పు గల సలోమి టీచర్ గారికి,

అబ్దుల్ సలాం నమస్కరించి ఒక శుభవార్త రాయిస్తున్నాను. జర్మనీ గొడవ తీరిపోయింది.

మీ ముప్పై తొమ్మిది ముక్కల్లో కొన్ని కందిగింజంత ఉన్నాయి. పటం మీద కళ్ళజోడు పెడితే ఆరు రాజ్యాలు దాని కింద మాయమైపోయాయి. అన్ని రంగుల ఉన్ని నేనెక్కడ తెచ్చేది? మూడు రోజులు ఆలోచించి, శుక్రవారం మధ్యాహ్నం అన్నిటినీ కలిపేశాను. మొత్తం లేత ఆకుపచ్చ. చూడ్డానికి ఎంత ప్రశాంతంగా ఉందో! ఎవరూ ఏమీ అనలేదు. కత్తెర జారి నా బొటనవేలు కొంచెం తెగింది, అంతే.

ఇట్లు,
అబ్దుల్ సలాం

తా.క. కత్తెర ఇనుము, వేలు తెగింది కాబట్టి రక్తం. "రక్తం, ఇనుము" అని బిస్మార్క్ చెప్పిన పద్ధతిలోనే మా ఇంట్లో జర్మనీ కలిసిందని రాస్తే మార్కులు వేస్తారా అండి? పరీక్ష దగ్గరికొచ్చింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మగ్గానికి ఆ చివర ఆయన, ఈ చివర నేను. మధ్యాహ్నం ఆయన కునుకు తీసినప్పుడు చదువుకుంటున్నాను. పరీక్ష సంగతి ఆయనకి తెలియదు, మీరు చెప్పకండి. — సా.


తాడేపల్లిగూడెం
మార్చి 15

అబ్దుల్ సలాం గారికి,

క్షేమసమాచారాలు అడిగే ఓపిక నాకు లేదు. యాభై ఆరేళ్ళూ మూడు యుద్ధాలూ పట్టిన పనిని మీరు భోజనం చేసి లేచి పూర్తి చేశారు. సరే. అది తర్వాత మాట్లాడుకుందాం.

పదో తరగతి పిల్లని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మగ్గం మీద కూర్చోబెడతారా? పరీక్ష ఉందని చెప్పుకోవడానికి కూడా భయపడే ఇల్లా అది? మర్యాదస్తులనుకున్నాను. ఈ పిల్ల పరీక్ష రాయలేదని తెలిసిందా, ఎవరికి రాయాలో వాళ్ళకి రాస్తాను. నాకు తివాచీ లేకపోయినా ఫర్వాలేదు. జర్మనీ ముక్కలుగా ఉన్నా, కలిసినా, తగలబడినా ఫర్వాలేదు. ముందు పాపని చదువుకోనివ్వండి.

కె. సలోమి

తా.క. పాపా, ఈ పై భాగం ఆయనకి గట్టిగా చదివి వినిపించు. ఇక జర్మనీ: 1848లో ప్రజలు సభ కట్టి "మమ్మల్ని ఒక్కటి చెయ్యండి" అని ప్రష్యా రాజుకి కిరీటం ఇస్తే ఆయన వద్దన్నాడు. కింది వాళ్ళు ఇచ్చిన కిరీటం ఆయనకి నచ్చలేదు. తర్వాత అదే పని సైన్యంతో చేసి, ఆ కిరీటమే పెట్టుకున్నారు. కలవడం ఒక్కటే చూడకు, ఎవరి చేత్తో కలిసిందో కూడా అడుగు. ఈ ఒక్క మాట రాయి, ఏ మాస్టారైనా మార్కులు వేస్తారు. నీ ఉత్తరంలో తప్పులు లేవు. ఎర్ర పెన్ను మూత తియ్యలేదు.


తంగెళ్ళమూడి, ఏలూరు
ఏప్రిల్ 24

నా టీచర్ గారికి,

మీ పాప నమస్కరించి రాస్తున్నది. ఈ ఉత్తరం ఎవరూ చెబితే రాస్తున్నది కాదు.

టీచర్ గారూ, నా పేరు సాబిరా. అబ్దుల్ సలాం గారి భార్యని. నా వయసు నలభై ఎనిమిది. పెద్దమ్మాయి సమ్రీన్‌కి ఇద్దరు పిల్లలు.

మీ ఉత్తరం గట్టిగా చదివి వినిపించమన్నారు. క్షమించండి, వినిపించలేదు. మీరు పాపా అన్న చోటల్లా దాటేశాను. పదిహేనేళ్ళ వయసులో నేను పదో తరగతి సోషల్లో తప్పాను. మా పుట్టింట్లో అందరూ పాసైనవాళ్ళే, ఒక్క నేను తప్ప. కిందటేడు ఎవరికీ చెప్పకుండా ఓపెన్ స్కూల్లో చేరాను. మళ్ళీ తప్పితే నవ్వుతారని భయం. మీరు చిన్నపిల్లననుకున్నారని మొదటి ఉత్తరంలోనే తెలిసింది. చెబితే దిద్దడం మానేస్తారేమోనని చెప్పలేదు. ముప్పై మూడేళ్ళ తర్వాత ఒకరు నా దస్తూరీ మీద ఎర్ర సిరా పెట్టారు. నాకు పండగలా ఉంది.

పాలు తాగమన్నారు, తాగుతున్నాను. జామెట్రీ బాక్సుని మనవరాలు అడిగినా ఇవ్వలేదు. రెండు జడలు ఒక్కటే కుదరలేదు, క్షమించండి.

నిన్న ఫలితాలు వచ్చాయి. పాసయ్యాను. సోషల్లో డెబ్బై ఒకటి! జర్మనీ ఏకీకరణ అడిగారు. కలం పెట్టగానే నా వేళ్ళకి ఆ ముడులన్నీ గుర్తొచ్చాయి. కిరీటం సంగతి రాశాను. ఎవరి చేత్తో కలిసిందో అడగాలని రాశాను.

తివాచీ బస్సు పార్సిల్లో వస్తోంది. జర్మనీ ఆకుపచ్చగానే ఉంది, కంగారు పడకండి. మిగిలిన ఉన్నితో ముప్పై తొమ్మిది చిన్న ముక్కలు నేసి, సంచిలో పెట్టాం. కొన్ని బిస్కెట్టంత, కొన్ని చొక్కా బొత్తాలంత. ఒక్కో పిల్లకి ఒక్కోటి ఇవ్వండి. ఆకుపచ్చ మీద పేర్చుకుంటారు, నాది పెద్దదంటే నాది పెద్దదని పోట్లాడుకుంటారు, ఆ తర్వాత కలుపుకుంటారు. ఆవలించడానికి తీరిక ఉండదు. ఇటలీని లోపలికి తెచ్చి కుట్టాం. బూటే.

దిగిపోయే లోపు ఒక్కరికైనా అర్థమవ్వాలన్నారు కదండీ. అర్థమైంది. మీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియదు.

ఇట్లు,
మీ చివరి విద్యార్థిని
సాబిరా

తా.క. టీచరు గారికి అబ్దుల్ సలాం సొంత చేత్తో రాస్తున్న ఉత్రం. ఆవిడే నేర్పుతోంది. నాలుగు ముక్కలకి రెండు రోజులు పట్టింది. ఆవిడ చదువుకుంటున్న సంగతి నాకు మొదటినించీ తెలుసు. నేసేవాడికి ఒక వరస దాటేస్తే తెలీదా అండి? ఆవిడ మీ ఉత్రాలు చదివేటప్పుడు ఎక్కడెక్కడ దాటేసేదో అక్కడ గొంతు ఆగేది. చెవి సగమే వినపడినా పెళ్ళాం గొంతు తెలుస్తుంది. చదువు తప్పిన పిల్లని చేసుకొచ్చి మగ్గం ముందు కూచోపెట్టినవాడిని నేనే. పటం నాకు మొదటి రోజే అర్దమైంది. కాని తివాచీ సరిగా నేస్తే మీరు ఉత్రం రాయరు. మీరు రాయకపోతే ఆవిడకి పాఠం ఉండదు. అందుకని ఇటలీని బయట విడిచాను, జర్మనీని కలిపాను. వేలు మాత్రం నిజంగానే తెగింది. ఏలూరు అనుకున్నదీ నిజమే. ఇందులో తప్పులు చాలా ఉంటాయి. దిద్ది పంపండి.