మసి ఉతికేశారు

1983 నవంబరు 7, సోమవారం
సైన్సు ఎగ్జిబిషన్‌కి మా క్లాసు నుంచి ఎనిమిది మంది పిల్లలు, ఎనిమిది వంటిళ్లు. పొయ్యి పైన వారం పాటు కట్టిన తెల్లగుడ్డ ముక్కలు ఇవాళ తెచ్చారు. ఏ రెండూ ఒక రంగు కాదు. షమీమ్ వాళ్లింటిది అచ్చం తారు. రంపపు పొట్టు పొయ్యి, పొగ పోయే దారి లేదు. వాళ్లమ్మ దగ్గు వీధి చివరికి వినిపిస్తుంది. పొగగొట్టం పెట్టమంటే వాళ్ల నాన్న "పొగ లేని వంటేటి?" అంటాడట. పొద్దస్తమానం రేకు ట్రంకు పెట్టెలు చేసే మనిషి! గొట్టం చుట్టడం ఆయనకి గంట పని. ఒళ్లు మండుతోంది.

నవంబరు 9
గ్రాఫు గీయిద్దామన్నాను. "అంకెలు మా అబ్బా చూడరు టీచర్. ముక్కలన్నీ కలిపి బొంత కుట్టేద్దాం"... షమీమ్. తక్కువ మసి నుంచి ఎక్కువ మసికి, వరసగా. ఒక్కో ముక్క కింద పొయ్యి బొమ్మ. రోజుకి ఎన్ని గంటలు మండితే అన్ని ఎర్ర కుట్లు. నా గ్రాఫు మడిచి సంచిలో పెట్టుకున్నాను.

నవంబరు 15
పెద్దమేడమ్ చూసింది. "ఎగ్జిబిషన్‌లో ఈ మసిగుడ్డా? అగ్నిపర్వతం చేయించండి." ఏటా అదే అగ్నిపర్వతం! విశాఖపట్నంలో ఎవరింట్లో ఉందట? చేయించనన్నాను. "సరే, శుభ్రంగా ఉండాలి మరి." ఆ మాట నేను సరిగ్గా వినిపించుకోలేదు.

నవంబరు 18
పెద్దమేడమ్ బొంతని ఉతికించేసింది.
గంజి, నీలిమందుతో సహా. ఆయా అప్పలమ్మ మురిసిపోతూ తెచ్చింది... "సబ్బు సగం అరిగిపోనాది గానీ, తెల్లగా సేసీసినాను సూడండమ్మా." దాన్నేమనను? పెద్దమేడమ్ గదిలోకెళ్లి అరిచాను. "కుట్లు అలాగే ఉన్నాయిగా!" అంటుంది. చదివింది బీఎస్సీ! ఆ మురికే మా లెక్క.

నవంబరు 19
ఇవాళ ఎగ్జిబిషన్. షమీమ్ బతిమాలి బతిమాలి వాళ్ల నాన్నని తెచ్చింది. కొట్టు మూసి మరీ వచ్చాడు. తమ ఇంటి ముక్క మీద వేలు రాసి చూసుకున్నాడు. "ఏటి టీచరమ్మా, తెల్లగానే ఉంది గదా. మా ఇంట్లో పొగేటీ లేదు." నవ్వుతూనే అన్నాడు. నోట్‌బుక్కులో అంకెలు చూపించాను. చూడలేదు. ఆయనకి కావలసిన సాక్ష్యం మేమే ఉతికి చేతికిచ్చాం.
బొంతకి బహుమతి కూడా వచ్చింది... కుట్టుపనికి. సిగ్గు లేదూ.

నవంబరు 21
షమీమ్‌కి కొత్త గుడ్డ ఇచ్చాను. తీసుకోలేదు. "మళ్లీ ఉతికేస్తారు టీచర్."

నవంబరు 23, బుధవారం
షమీమ్ వాళ్లింటికి నేనే వెళ్లాను. ఆ వంటింట్లో పది నిమిషాలకే కళ్లు కనబడలేదు. స్టూలెక్కి పొయ్యి పైన దూలానికి ఆ కొత్త గుడ్డ కట్టాను. వాళ్ల నాన్న గుమ్మంలో నిలబడ్డాడు, చేతిలో రేకు కత్తెర. "వారం పోయాక ఈసారి మీరే విప్పి చూడండి భాయీ. స్కూలుకి పంపకండి." అన్నాను. నేను దిగాక షమీమ్ వాళ్లమ్మ ఎక్కింది. దగ్గుతూనే నా ముడి విప్పి, ఇంకా గట్టిగా వేసింది. ఆయన అదీ చూశాడు.