మిద్దె మీది పన్ను

కోయిలకుంట్ల, 2006 వేసవి

చిన్నోడా,

స్లాబు వేయడానికి ఈరోజు మన మట్టి మిద్దె తవ్విస్తున్నాను. కోసిగి నుంచి కూలికొచ్చిన ఈరమ్మ పైనుంచి కేకేసింది. "అప్పా, ఈ మట్టిలో పిల్లోని పన్నుండాది సూడు!"

నేను నిచ్చెనెక్కి పైకి పోయాను.

నీకు ఊడిన మొదటి పన్ను అది. కొత్తది తొందరగా రావాలని పేడలో చుట్టి నేనే పైకి విసిరాను. అది రాకముందే జ్వరంతో పోయావు. నీ బట్టలు, పలక అన్నీ ఎవరెవరికో ఇచ్చేశాం. ఏటా వానలకు ముందు మిద్దె కారకుండా పైన చవుడు మట్టి పోశాను, పన్నెండేళ్లు. కింద నీ పన్ను ఉందని ఒక్కసారీ గుర్తురాలేదు.

ఈరమ్మ దాన్ని కొంగుతో తుడిచి నా అరచేతిలో పెట్టింది. "నీ కొడుకుదేనా? ఇప్పుడు పెద్దోడయ్యింటాడు గదప్పా?"

"లేదమ్మా," అన్నాను. "ఏడేండ్లే."