ఫొటో కోసం మార్పించిన చీర

ఆగస్టు 12, 1983, శుక్రవారం

మేం చదివిన నర్సింగ్ స్కూల్లో మా బ్యాచ్ పెట్టిన స్కాలర్‌షిప్ ఇవాళ మొదటిసారి ఇచ్చాం. ఎంపికైన నూకరత్నం పట్టుచీరలో వచ్చింది. ఫొటోలో పేదపిల్లలా కనబడదని నాకు చిరాకేసింది. "వెళ్లి మామూలు బట్టలు కట్టుకుని రా" అన్నాను. పిల్ల వెళ్లి, వెలిసిపోయిన ఓణీతో వచ్చి నిలబడింది. నేను నవ్వుతూ కవరు అందించాను.

తిరిగొస్తుంటే గేటు దగ్గర వాళ్లమ్మ కనబడింది. ఫిషింగ్ హార్బర్లో చేపలమ్ముతుంది. ఆ పట్టుచీర మడతపెట్టి గుండెకు అదుముకుని ఉంది.

"సీర పక్కింటోల్లదమ్మా. అంత పెద్దోలు పిలిసి ఇత్తంటే, పాతగుడ్డల్తో వత్తే మీకు నామోసీ కదేటని అడిగి తెచ్చినాను."



నాకు నర్సు టోపీ పెట్టిన రోజు నా కాళ్లకున్న తెల్లబూట్లూ అరువువే. విప్పి రమ్మని నన్నెవరూ అనలేదు.