మడమ నొప్పి, బిడ్డ పెళ్లి

శనివారం రాత్రి

ప్రభువుకు స్తోత్రం, నా బిడ్డ సునీత పెళ్లయింది! మొన్న పొద్దున మంచం దిగగానే పట్టుకున్న మడమ నొప్పి ఎందుకొచ్చిందో డాక్టరుకే తెలియలేదు. చెప్పుల్లేకుండా నడవొద్దన్నాడు. మా సాతంరాయి చర్చిలోనేమో చెప్పులు గుమ్మం బయటే విడవాలి. బిడ్డను పాస్టరుగారి ముందుదాకా నడిపించగలనా అని ఒకటే భయం.

ఇవాళ చర్చి గుమ్మం దాటిన నాలుగడుగులకే మడమలో మేకు దిగినట్టయి ఆగిపోయాను.

"మెల్లగ నడువు బాపు, నాకేం తొందర లేదు," అని సునీత నా చేయి గట్టిగా పట్టుకుంది.

మేం సగం దారిలో ఉండగానే, పెళ్లికూతురు నడిచొచ్చేటప్పుడు పాడే పాట అయిపోయింది.

"ఇంకోసారి పాడుండ్రి, మామ ఇప్పట్ల రాడు!" అని అల్లుడు ముందునుంచి కేకేశాడు. చర్చంతా నవ్వింది, నేనూ నవ్వాను.

మడమ ఇంకా సలుపుతోంది. రేపెలా ఉంటుందో... అయినా అంత నొప్పిలోనూ, ఆ దారి ఇంకొంచెం పొడుగుంటే బాగుండేదనిపించింది.