రాళ్ళకు పట్టిన నాచు

తమ్ముడూ,

ఫోన్లో అడిగితే మాట దాటేస్తావని ఉత్తరం రాస్తున్నాను. మేం ఇంట్లో లేని ఇరవై రోజులూ సాయంత్రంపూట ఐదు నిమిషాలు వచ్చి, చేపలకు మేత వేసి వెళ్ళిపోయానన్నావు. మరి ఆ ఉప్పునీళ్ళ అక్వేరియంలో రాళ్ళకు అంత నాచెలా పట్టింది? పొద్దస్తమానం లైటు వెలిగితే తప్ప అలా పట్టదు. దాని ముందుకు కుర్చీ ఎవరు లాగారు? ఎదురింటావిడేమో, "మీ తమ్ముడు రోజూ తొమ్మిదింటికల్లా క్యారేజీ పట్టుకుని వచ్చేవాడండీ" అంది. నీ ఆఫీసు మా ఇంటికెప్పుడు మారిందిరా?

ఉద్యోగం పోయిందని మరదలికి నేను చెప్పను. ఆ క్యారేజీ కట్టేది తను, నువ్వే చెప్పాలి. తాళంచెవి నీ దగ్గరే ఉండనీ. ఈసారి వచ్చేటప్పుడు పాత బ్రష్షొకటి తెచ్చుకో, ఇద్దరం కూర్చుని రాళ్ళు రుద్దుదాం.

మీ అక్క